పాత సెస్నా 172కి నాలుగు పట్టీల రీలు హార్నెస్: ఒంటికి ఎలా అమరుతుంది?

సెస్నా 172 అనే చిన్న విమానం పాతదైతే, దాని ముందు సీట్లో ఉండే ఏటవాలు భుజం పట్టీతో అసలు తంటా పట్టీ పొడవు మారకపోవడం. ఒంటికి పట్టేలా బిగిస్తే సీట్ల మధ్య నేల మీదున్న ఫ్యూయల్ సెలెక్టర్‌కు (ఏ ట్యాంకు ఇంధనం వాడాలో ఎంచుకునే మీట) చెయ్యి అందదు. అందేలా వదులు చేస్తే పట్టీ ఉన్నా లేనట్టే. అందుకే కొందరు టేకాఫ్ కాగానే దాన్ని తీసి పక్కన పడేస్తారు, దిగేటప్పుడు మళ్లీ తగిలించుకోవడం మర్చిపోతారు. ఇనర్షియా రీలుతో (పట్టీని చుట్టుకుని, కుదుపుకు లాక్ అయ్యే చుట్ట) వచ్చే నాలుగు పట్టీల హార్నెస్, అంటే రెండు భుజాలనూ నడుమునూ పట్టే సీటు బెల్టు, ఈ ఇబ్బందిని పూర్తిగా తీరుస్తుంది. నెమ్మదిగా వంగితే పట్టీ మీతో పాటే సాగుతుంది, కుదుపు వస్తే పట్టేస్తుంది. పెట్టించుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

అమెరికాలో ముందు సీట్లకు భుజం పట్టీ తప్పనిసరి అయింది 1978 జులై 18 తర్వాత తయారైన చిన్న విమానాలకే. అంతకన్నా పాతవి ఇంకా ఎన్నో ఎగురుతున్నాయి. అక్కడ రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1985లో చిన్న విమానాల ప్రమాదాలను పరిశీలించింది. బతికి బయటపడే వీలున్న ప్రమాదాల్లో చనిపోయినవారిలో 20 శాతం మంది భుజం పట్టీ ఉంటే బతికేవారని, తీవ్రంగా గాయపడ్డవారిలో 88 శాతం మందికి దెబ్బలు బాగా తగ్గేవని తేల్చింది.

ఇక అమరిక. రీలు పైకప్పుకు బిగుస్తుంది. అక్కడి నుంచి ఒకే పట్టీ దిగి మెడ వెనక రెండుగా చీలుతుంది. భుజం నుంచి రీలు వైపు వెళ్లే పట్టీ అడ్డంగా గానీ, 30 డిగ్రీలకు మించకుండా పైకి గానీ ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే భుజం మీద సరిగా ఆనదు, ఒళ్లు బాగా ముందుకు ఊగాకే పట్టుకుంటుంది. 5 డిగ్రీలకు మించి కిందికి దిగితే ఇంకా చెడ్డది, దెబ్బ తగిలినప్పుడు వెన్నెముకను కిందికి నొక్కుతుంది. కిట్ కొనకముందే సీటును మీరు నడిపే చోటికి జరిపి కూర్చోండి. భుజం మీది నుంచి రీలు వచ్చే చోటికి ఒక దారం పట్టించి, ఫోన్‌లోని లెవల్ యాప్‌తో కోణం చూడండి. పక్క సీటుకూ అంతే, ఎందుకంటే అక్కడ కూర్చునేవారి ఎత్తు వేరు. చీలే చోటు మెడకు మరీ దగ్గరైతే పట్టీలు రెండు పక్కలా ఒరుస్తాయి. కాలరు లేని చొక్కా వేసుకున్న రోజు గంటలోనే తెలిసిపోతుంది. మెత్తటి తొడుగు వేస్తే ఒరుపు తగ్గుతుంది గానీ కోణం మారదు.

నాలుగు పట్టీల పద్ధతిలో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. భుజం పట్టీలు రెండూ పొట్ట ముందున్న బకిల్‌కే వచ్చి కలుస్తాయి. వాటిని ముందు లాగితే బకిల్ పైకి జరిగి నడుం పట్టీ తుంటి ఎముకలు వదిలి మెత్తటి పొట్ట మీదికి ఎక్కుతుంది. ప్రమాదంలో ఒళ్లు పట్టీ కిందుగా జారేది అప్పుడే. కాబట్టి నడుం పట్టీ ముందు. వీలైనంత కిందికి దించి గట్టిగా బిగించాలి. తర్వాతే భుజం పట్టీలను వదులు పోయేంత వరకు లాగాలి. బకిల్ కదిలిందేమో మళ్లీ చెయ్యి పెట్టి చూడాలి. విన్యాసాల విమానాల్లో కాళ్ల మధ్య నుంచి వచ్చే ఐదో పట్టీ ఈ పని చేస్తుంది, మామూలు ప్రయాణాలకు క్రమం తప్పకపోతే సరిపోతుంది. నడుం పట్టీ నేలకు బిగించి ఉన్న విమానాల్లో సీటు బాగా ముందుకు జరిపితే ఆ పట్టీ పడుకున్నట్టు అవుతుంది, జారే ముప్పు పెరుగుతుంది. మందపాటి మెత్త వేసుకున్నా ఇదే తంటా: కుదుపులో మెత్త అణిగితే, అంత మేరా పట్టీ వదులైనట్టే.

రీలును ప్రతిసారీ పరీక్షించండి. పట్టీని చటుక్కున లాగితే ఆగాలి, మెల్లగా లాగితే రావాలి, వదిలితే పూర్తిగా వెనక్కి చుట్టుకోవాలి. సెలెక్టర్ కోసం గబుక్కున వంగితే లాక్ పడుతుంది, కాస్త వెనక్కి వాలితే వదులుతుంది. చుట్టుకోకపోతే పట్టీ మడత పడిందా, దుమ్ము పట్టిందా చూడాలే తప్ప నూనె వెయ్యకూడదు. మాకు నచ్చనిది ఒకటే: రీలు స్ప్రింగు ఎప్పుడూ కొద్దిగా లాగుతూనే ఉంటుంది. మూడు గంటల ప్రయాణంలో భుజాలు బరువెక్కుతాయి.

బిగింపు మెకానిక్ పని, కిట్‌కు ఆమోదపత్రాలు ఉండాలి. పట్టీ అంచులు పీచు లేచినా, ఎండకు బిరుసెక్కినా, కుట్టు తెగినా మార్చాల్సిందే, ఇంట్లో కుట్టుకోవద్దు. ఉతకడానికి గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు. టీఎస్‌వో లేబుల్ (పట్టీ విమానాల ప్రమాణాలకు తగ్గదని చూపే చీటీ) చెరిగిపోకుండా చూసుకోండి.

తలుపు మూసేటప్పుడు పట్టీ కొస లోపలే ఉందో లేదో చూడండి. బయట వేలాడితే గాలికి రేకును దబదబా కొడుతుంది. ఆ మోతకు ఇంజిన్ పాడైందనుకుని కంగారుగా దిగేసినవాళ్లున్నారు.