రాళ్ళ హారం కొనేవాళ్ళు బిల్లులో నెట్ వెయిట్ చూసుకోండి

మా అబ్బాయి కాలేజీ ఫీజు కోసం 2018లో కొన్న రాళ్ళ నక్షీ హారం పోయిన నెల అమ్మాను. షాపుల పేర్లు చెప్పను, లెక్క చెప్తాను. నెట్ వెయిట్ అంటే రాళ్ళూ లక్కా తీసేస్తే మిగిలే ఉత్త బంగారం బరువు. పెళ్ళిళ్ళకు హారాలు చూస్తున్నవాళ్ళు ఒక్కసారి చదవండి.

కొన్నప్పుడు బిల్లులో 58 గ్రాములు. తరుగు (నగ చేసేటప్పుడు పోయే బంగారం పేరుతో షాపు వేసేది) 18 శాతం, అంటే ఇంకో పది గ్రాముల పైన. మొత్తం 68 గ్రాముల బంగారానికి డబ్బు కట్టాను. రాళ్ళకి విడిగా 12 వేలు, ఆపైన 3 శాతం జీఎస్టీ.

అమ్మే చోట ముందు రాళ్ళు ఊడదీశారు. నేను కెంపులు, పచ్చలు అనుకున్నవన్నీ ఉత్త రంగు రాళ్ళట. చిన్న కవర్లో పోసి "ఇవి మీరే ఉంచుకోండమ్మా" అని చేతిలో పెట్టారు. వాటి కింద లక్క. రాళ్ళూ లక్కా కలిపి 9 గ్రాములు! ఆ 9 గ్రాములకూ ఆ రోజు నేను బంగారం రేటే కట్టాను. దాని మీద తరుగూ కట్టాను. రాళ్ళ డబ్బు మళ్ళీ వేరే. బిల్లు తీసి చూస్తే నెట్ వెయిట్ దగ్గర ఖాళీ.

మిగిలిన 49 గ్రాములు నా ఎదురుగానే కరిగించి చూస్తే స్వచ్ఛత 88 శాతం వచ్చింది. వెనక '916 కేడీఎం' అని ముద్ర ఉంది కదా, 916 అంటే 91.6 శాతం, అంటే 22 క్యారెట్లు కదా అని వాదించాను. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన టంకమేనట, స్వచ్ఛతకు హామీ కాదట. 22 క్యారెట్లకు మారిస్తే 47 గ్రాములు. అందులో 2 శాతం షాపు కోత. చివరికి 46 గ్రాములకు డబ్బిచ్చారు.

"కొన్నదానికంటే ఎక్కువే వచ్చిందిగా" అన్నారు మావారు. రేటు పెరిగింది కాబట్టి వచ్చింది. అదే రేటు ఉండి ఉంటే మూడో వంతు పైనే పోయేది.

2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి. హాల్‌మార్క్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ కోడ్ కొడితే ఎన్ని క్యారెట్లో తెలుస్తుంది. కానీ కుందన్, పోల్కీ, జడావు నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. రాళ్ళూ లక్కా ఎక్కువుండేవి సరిగ్గా అవే! అలాంటివి కొంటే బంగారం ఎంత, రాళ్ళెంత, లక్క ఎంత అని విడివిడిగా రాయించుకోండి. వజ్రాలదీ ఇదే గొడవ. మా ఆడపడుచు వజ్రాల కమ్మలు అమ్మడానికి తీసుకెళ్తే, కొన్న షాపు కాని చోట 18 క్యారెట్ల బంగారానికి మాత్రమే లెక్క కట్టారు.

మొన్న మా చెల్లెలితో ఒక షాపుకెళ్ళి, "రేపు ఇదే హారం తెస్తే ఎన్ని గ్రాములకు డబ్బిస్తారు, బిల్లు మీద రాసివ్వండి" అని అడిగాను. సేల్స్ అబ్బాయి మేనేజర్‌ని పిలుస్తానని లోపలికెళ్ళాడు. పావుగంట చూసి మేం వచ్చేశాం.