బస్సు ఎక్కడుందో చెప్తుంది, నాకు ఏ బస్సు వస్తుందో చెప్పదు

బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యాప్ ఒకటి రెండేళ్లకు పైగా వాడుతున్నాను. పొద్దున గూడెప్పాడ్ క్రాస్ దగ్గర ఎక్కి హన్మకొండకు పోవడం, సాయంత్రం మళ్లీ రావడం, ఇదే నా వాడకం. యాప్ పేరు రాయడం లేదు.

రిజర్వేషన్ ఉండే దూరపు బస్సులకైతే బాగా పనిచేస్తుంది. హైదరాబాద్ నుంచి రాత్రి పూట మా చెల్లె వస్తుంటే, బస్సు జనగామ దాటిందా, కాజీపేట దాకా వచ్చిందా అని చూసుకున్నాకే బండి తీస్తాను. టెన్షన్ లేదు. వీటికి 5కు 4 ఇవ్వొచ్చు.

తిప్పలన్నీ రోజూ తిరిగేవాళ్లకే. గూడెప్పాడ్ దగ్గర ములుగు రోడ్డు, పరకాల రోడ్డు కలుస్తాయి. హన్మకొండ పోయేవాడికి ఏ రోడ్డు నుంచి ఏ బస్సు వచ్చినా ఒకటే. యాప్‌కు మాత్రం సర్వీస్ నంబరన్నా చెప్పాలి, బస్సు బయల్దేరే ఊరన్నా చెప్పాలి. ములుగు అని కొడితే భూపాలపల్లి బస్సు కనిపించదు, పరకాల అని కొడితే ఏటూరునాగారం బస్సు కనిపించదు. ఇంకా 20 నిమిషాలుంది కదా అని చాయ్ తాగుతుంటే అవతలి రోడ్డు బస్సు వచ్చి పోతుంది! ‘ఈ స్టాపుకు తర్వాత వచ్చేది ఏది’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు లేదు.

స్పేర్ బస్సు వేసిన రోజు ఇంకో చికాకు. లెక్కంతా రోజూ వచ్చే బండి జీపీఎస్‌తోనే కాబట్టి మ్యాప్‌లో బస్సు డిపోలోనే ఉంటుంది. అసలు బస్సేమో మల్లంపల్లి దాటి వస్తుంటుంది.

రైళ్లకు ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ ఉంది చూడండి. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ చేసింది, 2018లో గూగుల్ కొనుక్కుంది. రైల్లో కూర్చున్నాక నెట్ లేకపోయినా సెల్ టవర్లను బట్టి ఎక్కడున్నామో చెప్తుంది. టైంటేబుల్ చేతికి దొరికింది కాబట్టే బయటివాళ్లు ఆ పని చేయగలిగారు. బస్సులకూ అదే కావాలి.

దానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. అమెరికాలో పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి 2005లో మొదలుపెట్టిన జీటీఎఫ్ఎస్ అనే ఫార్మాట్ ఉంది. లోపల ఉండేవి కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లే: స్టాపు ఎక్కడుంది, రూటు ఏది, ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్నింటికి వస్తుంది. దీనికి తోడుగా లైవ్ వివరాలకు వేరే భాగం ఉంది. బస్సు ఎక్కడుంది, ఎంత లేటు, ట్రిప్పు రద్దయిందా అన్నవి అందులో వస్తాయి. ఢిల్లీలో 2018లోనే ఐఐఐటీ ఢిల్లీ సాయంతో సిటీ బస్సుల వివరాలు ఇలా అందరికీ ఇచ్చారు. మన రాష్ట్రానికీ 2016 నుంచి ఓపెన్ డేటా పాలసీ ఉంది. జిల్లా బస్సుల ఫైళ్లు, లైవ్ వివరాలు చేతికిస్తే గూడెప్పాడ్ క్రాస్‌కు తర్వాత వచ్చే బస్సులు చూపించే ఒక బోర్డు పేజీ తయారు చేయడం మన వరంగల్ నిట్ పిల్లలకు సెలవుల్లో పని. ఆ లైవ్ భాగంలో బస్సులో జనం ఎంత ఉన్నారో చెప్పే గడి కూడా ఉంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక నాకు ఎక్కువ అవసరమనిపించేది అదే. జీరో టికెట్ కూడా మిషన్‌లోనే కొడతారు, కాబట్టి ఎక్కినవాళ్ల లెక్క ఎలాగూ ఉంటుంది. ఎవరు ఎక్కారో ఎవరికీ అక్కర్లేదు, సీటుందా, నిలబడాలా అన్నది తెలిస్తే చాలు.

ఇప్పుడున్న యాప్‌కు ఆర్డినరీ బస్సుల విషయంలో 5కు 2 ఇవ్వడమే ఎక్కువ. రాత్రి చివరి బస్సుకైతే దాన్ని అసలు నమ్మకండి. మ్యాప్‌లో బస్సు చుక్క కదలకపోతే బస్సే లేదో, జీపీఎస్సే పోయిందో తెలియదు. హన్మకొండ బస్టాండ్‌లో ఎంక్వైరీ దగ్గర అడిగి నిలబడడం మంచిది.