యూరప్ తిరగడానికి కార్డు చాలా, పాస్‌పోర్టు ఉండాలా?

సాల్జ్‌బర్గ్ నుంచి మ్యూనిక్ వస్తున్న రైలు ఫ్రైలాసింగ్‌లో ఆగింది. పోలీసులు ఎక్కారు. పక్కసీటు జర్మన్ ఆవిడ ఫోన్ కవర్ వెనక నుంచి ఐడీ కార్డు తీసి చూపించింది, రెండు సెకన్లలో పనైపోయింది. నేను పైనున్న బ్యాగు దింపి, స్వెటర్ల కింద నుంచి పాస్‌పోర్టు లాగేదాకా పాపం పోలీసాయన అలాగే నిలబడ్డాడు. అదే సైజు కార్డు నాకూ ఉంది. కానీ అది నివాస అనుమతి కార్డు. జర్మనీ దాటితే భారత పాస్‌పోర్టు పక్కన ఉంటేనే దానికి విలువ. మనవాళ్లు చాలామంది పొరబడేది ఇక్కడే.

జర్మన్ పౌరసత్వం తీసుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు జర్మన్ ఐడీ కార్డు వస్తుంది. 27 ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాలు, వాటితోపాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్‌లకు కార్డు ఒక్కటే చాలు. మామూలుగా సరిహద్దు తనిఖీలు ఉండని షెంగెన్ దేశాల గుంపులో లేని ఐర్లాండ్‌లో దిగగానే చెకింగ్ ఉంటుంది, అక్కడా కార్డు చెల్లుతుంది. జర్మన్ కార్డుతో టర్కీకీ వెళ్లొచ్చు. వీకెండ్ ట్రిప్పులకైతే నా ఓటు కళ్లు మూసుకుని కార్డుకే.

అయితే కార్డులన్నీ ఒకటి కావు. 2021 ఆగస్టు నుంచి ఈయూ దేశాలు కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఫొటో, రెండు వేలిముద్రలు ఉన్న చిప్ తప్పనిసరి. ఇటలీ పాత కాగితం కార్డులకు 2026 ఆగస్టు 3తో కాలం చెల్లు. డెన్మార్క్ వాళ్లకు ఇలా ప్రయాణానికి పనికొచ్చే జాతీయ కార్డే లేదు. ఐర్లాండ్ మాత్రం 2015లో పాస్‌పోర్టునే కార్డు సైజులో ఇవ్వడం మొదలుపెట్టింది. తెలివైన పని!

కార్డు బోల్తా కొట్టేది లండన్ దారిలో. 2021 అక్టోబర్ 1 నుంచి బ్రిటన్ మామూలు పర్యాటకుల దగ్గర ఈయూ ఐడీ కార్డులు తీసుకోవడం మానేసింది. పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోతే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి. హైదరాబాద్ వచ్చినా అంతే: కొత్త పాస్‌పోర్టు, దానితో ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు భారత్ ఇచ్చే కార్డు).

మనకూ ఇలాంటి సుఖం ఒకటుంది, నేపాల్. ఓటరు కార్డుతో విమానం ఎక్కేయొచ్చు. ఆధార్ చూపిస్తానంటే మాత్రం, పిల్లలూ పెద్దవాళ్లూ తప్ప మిగతావాళ్లకు కుదరదు.

పౌరసత్వం వచ్చిన స్నేహితులకు నేను రెండూ తీసుకోమనే చెబుతాను. కార్డు జేబులో, పాస్‌పోర్టు సూట్‌కేసులో. బార్సిలోనాలో జేబు కొట్టేసినా రెండోదానితో ఇంటికి రావచ్చు. నేను మాత్రం ఆ రైలు తర్వాత పాస్‌పోర్టును స్వెటర్ల కింద పెట్టడం మానేశాను.