మోడల్ స్కూలులో ఆరు నుంచి ఇంటర్ దాకా: చదువు బాగుంది, ఆ తర్వాతి దారి చూపేవారే లేరు

ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో పిల్లల్ని ఆరో తరగతికి ఎక్కడ చేర్పించాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మా అమ్మాయి మా మండలంలోని ప్రభుత్వ ఆదర్శ పాఠశాలలో, అంటే అందరూ మోడల్ స్కూల్ అని పిలిచే బడిలో, ఆరో తరగతి నుంచి ఇంటర్ ఎంపీసీ దాకా చదివి ఇప్పుడు ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉంది. బడి ఏ ఊరిదో రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో చాలావరకు ఆ ఒక్క బడివి కావు, అక్కడ పనిచేసే ఉపాధ్యాయులవి అసలే కావు. నా అభిప్రాయం ముందే చెబుతాను. తరగతి గదిలో జరిగే చదువుకు ఈ బడికి మంచి మార్కులే వేస్తాను, మా చిన్నవాణ్ణి కూడా అక్కడే చేర్పించాను. కాలేజీకి, ఉద్యోగానికి పిల్లల్ని సిద్ధం చేయడం మాత్రం పదో తరగతి వరకు చక్కగా సాగి, ఇంటర్ పరీక్షలు ముగిసిన రోజుతో ఆగిపోతుంది.

ఈ బడుల సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. మండలం (బ్లాకు) స్థాయిలో మిగతా బడులకు నమూనాగా నిలిచే బడి ఒక్కొక్కటైనా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2008లో ఈ పథకాన్ని ఆమోదించింది. దేశం మొత్తం మీద 6,000 బడులు పెట్టాలని, వాటిలో 3,500 విద్యాపరంగా వెనుకబడిన మండలాల్లో రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా, 2,500 మిగతా చోట్ల ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో రావాలని అప్పట్లో అనుకున్నారు. మన రాష్ట్రంలో 2013-14లో తరగతులు మొదలయ్యాయి. 2015-16 నుంచి కేంద్రం తప్పుకోవడంతో భారమంతా రాష్ట్రం మీద పడింది. బోధన ఇంగ్లీషు మీడియంలో ఉంటుంది, ట్యూషన్ ఫీజు లేదు, ఆరో తరగతిలో ప్రవేశానికి ఐదో తరగతి స్థాయిలో పరీక్ష పెడతారు.

మా అమ్మాయి ఐదో తరగతి వరకు ఊళ్లో తెలుగు మీడియంలో చదివింది. ఆరులోకి వెళ్లిన మొదటి నెలల్లో సైన్సు పుస్తకం తెరవడానికే భయపడేది. అక్కడి టీచరమ్మ పాఠం మొత్తం తెలుగులో చెప్పి, చివర్లో ఆ రోజు చెప్పినదాంట్లోంచి ఒక్క వాక్యం మాత్రం ఇంగ్లీషులో సొంతంగా రాయమనేవారు. దసరా సెలవులు దాటాక ఆ ఒక్క వాక్యం మూడయింది, ఏడో తరగతికి పేరా అయింది. బట్టీ పెట్టించి అప్పజెప్పించుకోవడం ఆమెకు చాలా సులువుగా ఉండేది. ఆ సులువును ఆమె వద్దనుకున్నారు.

లెక్కల మాస్టారి పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ బడి తల్లిదండ్రులైనా అడిగి పెట్టించుకోదగిన పద్ధతి అది. ఎనిమిదో తరగతి నుంచి ఆయన పిల్లలందరి చేతా తప్పుల పుస్తకం అని వేరే నోట్సు పెట్టించారు. పరీక్షలో తప్పు చేసిన లెక్కను చేసింది చేసినట్టుగా ఎడమ పేజీలో రాయాలి, ఏ మెట్టు దగ్గర దారి తప్పిందో అక్కడ ఎర్ర సిరాతో గీత గీయాలి, అలా ఎందుకు చేశానో ఒక వాక్యంలో రాయాలి, ఆ తర్వాతే కుడి పేజీలో సరైన లెక్క చేయాలి. మా అమ్మాయి పుస్తకంలో సగం గీతల కింద ఒకటే కారణం కనిపించింది: సమీకరణంలో రుణ గుర్తును ఒక పక్క నుంచి రెండో పక్కకు తీసుకెళ్లేటప్పుడు మార్చకపోవడం. అది కంటికి కనబడిన తర్వాత ఆ తప్పు దాదాపు పోయింది. ఇంజనీరింగులో చేరాక కూడా తను ఆ అలవాటు మానలేదు. కాలేజీకి సిద్ధం చేయడమంటే ఇదీ అని నేను గట్టిగా నమ్ముతాను. మాస్టారు పక్కన లేనప్పుడు కూడా తన తప్పు తానే పట్టుకోగలిగిన పిల్ల ఏ కళాశాలలోనైనా నెగ్గుకొస్తుంది.

బడిని ఆనుకుని తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే ఆడపిల్లలకు వంద మందికి సరిపడా హాస్టలు ఉంది. పనుల కోసం హైదరాబాదు, గుంటూరు వలస వెళ్లే కుటుంబాలు మా వైపు ఎన్నో ఉన్నాయి. ఈ హాస్టలు లేకపోతే ఆ ఇళ్ల ఆడపిల్లలు తొమ్మిదిలోనే చదువు మానేసేవారు. వేసవిలో నీటికి ఇబ్బంది ఉంటుంది, ట్యాంకరు ఆలస్యమైన రోజున పిల్లలు అవస్థ పడతారు. భోజనం ఫరవాలేదు. రాత్రి చదువు గంటల్లో వంతులవారీగా ఒక టీచరు ఉండటం వల్ల సందేహాలు అప్పటికప్పుడే తీరేవని హాస్టలు పిల్లలు మా అమ్మాయితో చెప్పేవారు.

బాధ కలిగించిన విషయం ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎదురైంది. ఫిజిక్స్ చెప్పే పీజీటీ, అంటే పోస్టు గ్రాడ్యుయేట్ టీచరు, బదిలీపై వెళ్లిపోయాక ఆ పోస్టు నెలల తరబడి ఖాళీగా ఉంది. కెమిస్ట్రీ మేడం తన తరగతులతో పాటు కొన్ని పాఠాలు చెప్పి ఆదుకున్నారు గానీ, ప్రయోగశాల దాదాపు మూతబడింది. గెస్టు ఫ్యాకల్టీ వచ్చేసరికి సంవత్సరం సగం గడిచిపోయింది. మన రాష్ట్రంలో ఇంజనీరింగు సీట్లకు రాసే ఈఏపీసెట్‌లో ర్యాంకుకు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులు 25 శాతం, ప్రవేశ పరీక్ష మార్కులు 75 శాతం లెక్కలోకి వస్తాయి. అందుచేత ఒక సబ్జెక్టు మాస్టారు లేని సంవత్సరం పిల్లల్ని రెండు చోట్లా దెబ్బతీస్తుంది. డబ్బున్నవాళ్లు ఒంగోలులోనో నెల్లూరులోనో కోచింగుకు పంపి ఆ లోటు పూడ్చుకున్నారు, మిగిలినవాళ్లకు ఆ అవకాశం లేకపోయింది.

పదో తరగతి తర్వాతి దారుల విషయంలో మాత్రం బడి చేసిన పని మెచ్చుకోదగినది. పబ్లిక్ పరీక్షలకు ముందే ప్రిన్సిపాల్ తల్లిదండ్రులను పిలిపించి, పాలిటెక్నిక్ డిప్లొమాకు పాలీసెట్ ఎలా రాయాలో, ఐటీఐలో ఏ ట్రేడులు ఉంటాయో, ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి మార్కుల మీదే సీట్లిచ్చే ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల చదువు ఎలా సాగుతుందో ఓపికగా చెప్పారు. నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళంతో పాటు మన ఒంగోలు పేరు మీద కూడా ఒక ట్రిపుల్ ఐటీ ఉందని ఆ సమావేశంలోనే మొదటిసారి విన్న తల్లిదండ్రులు ఉన్నారు.

ఇంటర్ తర్వాత అలాంటి సమావేశం ఒక్కటీ జరగలేదు. ఫలితాలు వచ్చి కౌన్సెలింగు మొదలయ్యేనాటికి పిల్లలు టీసీలు తీసుకుని వెళ్లిపోయి ఉంటారు, బడిలో కొత్త పిల్లల ప్రవేశాల హడావుడి నడుస్తుంటుంది. అప్పుడు వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కళాశాలలు, బ్రాంచీల వరుస, ఆన్‌లైన్‌లో ఎలా పెట్టాలో చెప్పేవారు ఇంటర్నెట్ సెంటరు కుర్రవాడు, ఏదో ఒక కళాశాల తరఫున తిరిగే ఏజెంటు, అంతే. మా అమ్మాయి స్నేహితురాలికి తనకంటే మెరుగైన ర్యాంకు వచ్చింది. మేనత్త నెల్లూరులో ఉంటుందని ఆ అమ్మాయి ఆప్షన్లలో మొదట నెల్లూరు కళాశాలలే పెట్టి, ఆ తర్వాత ఇంకొన్ని మాత్రం రాసి ఊరుకుంది. ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికి, నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తాయని, మన పిల్లలు నెల్లూరులో స్థానికులు కారని, అక్కడ 85 శాతం స్థానిక సీట్లు పోను మిగిలిన 15 శాతంలోనే పోటీ పడాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతలో తనకు ఇష్టం లేని బ్రాంచిలో చేరింది. కూలి పని చేసే ఆ తల్లి మా ఇంటికి వచ్చి, "అన్నా, మంచి ర్యాంకే అన్నారు గదా, మరి ఎందుకు రాలేదు?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉంది గానీ, అప్పటికే సమయం మించిపోయింది. ఏ కళాశాలలో ఏ బ్రాంచికి గత ఏడాది చివరి ర్యాంకు ఎంతో ప్రభుత్వమే ప్రకటిస్తుంది. ఆ పట్టిక ముందు పెట్టుకుని ఒక మాస్టారు పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ పిల్లకు ఈ నష్టం జరిగేది కాదు.

కారణం ఉపాధ్యాయుల నిర్లక్ష్యమని నేను అనుకోవడం లేదు. బడి గేటు మీద ఏటా కట్టే ఫ్లెక్సీలో ఎవరికెన్ని మార్కులు వచ్చాయో ఉంటుంది, పై అధికారులు అడిగే నివేదికలోనూ ఉత్తీర్ణతా శాతమే ఉంటుంది. ఆ పిల్లలు తర్వాత ఎక్కడ చేరారు, చేరినవాళ్లు చదువు పూర్తిచేశారా, మధ్యలో మానేశారా అన్న లెక్క ఎవరూ అడగరు, కాబట్టి ఎవరూ రాయరు.

ఈ విషయంలో అమెరికాలోని చార్టర్ పాఠశాలల నుంచి మనం నేర్చుకోదగినది ఒకటుంది. మా తమ్ముడి కుటుంబం హ్యూస్టన్‌లో ఉంటుంది, వాళ్ల అబ్బాయి అలాంటి బడిలోనే చదువుతున్నాడు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటిసారి చట్టం చేయగా, మరుసటి ఏడాది అక్కడి సెయింట్ పాల్ నగరంలో మొదలైన ఈ బడులు ప్రభుత్వ సొమ్ముతోనే నడుస్తాయి, ఫీజు ఉండదు, దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. బడిని నడిపే సంస్థకు స్వేచ్ఛ ఎక్కువ, అందుకు బదులుగా ఒప్పందంలో రాసుకున్న ఫలితాలు చూపించాలి, చూపించలేకపోతే అనుమతి రద్దు కావచ్చు. అన్నీ గొప్ప బడులే అని నేను అనను, రాష్ట్రానికీ రాష్ట్రానికీ, బడికీ బడికీ చాలా తేడా ఉంది. కానీ 1994లో హ్యూస్టన్‌లో మొదలైన కిప్ అనే బడుల సమూహం 2011లో చేసిన పని నన్ను ఆలోచింపజేసింది. తమ దగ్గర ఎనిమిదో తరగతి ముగించి పదేళ్లు దాటిన పిల్లల్లో నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేసినవారు 33 శాతం అని తామే లెక్కగట్టి ప్రకటించారు. ఆ దేశంలో పేదింటి పిల్లల సగటు అప్పట్లో 8 శాతం దగ్గర ఉంది గనుక అది మంచి అంకె అని సంబరపడి ఊరుకోవచ్చు. వాళ్లు మాత్రం తమ లక్ష్యం 75 శాతమని, అందుకు చాలా దూరంలో ఉన్నామని చెప్పుకున్నారు. ఆ లెక్క వేయాలంటే బడి వదిలిన పిల్లలను ఏళ్ల తరబడి పలకరిస్తూ ఉండాలి. మా తమ్ముడి కొడుకు బడిలో కూడా కాలేజీ దరఖాస్తులు, ఆర్థిక సహాయపు ఫారాలు దగ్గరుండి నింపించడానికే ఒక కౌన్సెలరు ఉన్నారు. అక్కడి పిల్లలు హైస్కూల్లో ఉండగానే దగ్గరి కమ్యూనిటీ కాలేజీ పాఠాలు కొన్ని చదివి, ఆ క్రెడిట్లను తర్వాత డిగ్రీలో కలుపుకోగలుగుతారు.

అంత ఏర్పాటు మన మండలానికి రేపే రావాలని నేను అడగడం లేదు. ఖర్చు లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఉద్యోగాల సంగతే తీసుకుంటే, చీమకుర్తి గ్రానైటు క్వారీలు, కృష్ణపట్నం ఓడరేవు, దాని పక్కన నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రం మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోనే ఉన్నాయి. మా అమ్మాయి తరగతిలో వాటిలో ఒక్కదాన్నైనా చూసిన పిల్లలు లేరు. మైనింగు, మెకానికల్, ఎలక్ట్రికల్ అన్న మాటలు వాళ్లకు ఆప్షన్ల ఫారంలో పేర్లుగానే పరిచయం. ఏటా విహారయాత్ర తీసుకెళ్లే బస్సునే ఒక్కసారి అటు మళ్లిస్తే, కంప్యూటర్ సైన్సు తప్ప వేరే చదువే లేదనుకునే పిల్లల్లో కొందరికైనా ఆలోచన మారుతుంది. కంప్యూటర్ గదిలో యూపీఎస్ బ్యాటరీలు పాడై, కరెంటు పోతే తరగతి ఆగిపోవడం కూడా సరిచేయదగినదే.

చేర్పించాలనుకునేవారికి ఉపయోగపడే విషయాలు కొన్ని. ప్రవేశ పరీక్ష సాధారణంగా ఏప్రిల్‌లో ఉంటుంది గనుక సంక్రాంతి దాటిన దగ్గర నుంచి నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండాలి. ఇంటర్ కూడా అక్కడే చదివించదలచుకుంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ పీజీటీ పోస్టులు నిండి ఉన్నాయా లేదా అని ముందే అడిగి తెలుసుకోవాలి. ఈ బడి వల్ల ఒక పెద్ద సౌకర్యం కూడా ఉంది. ఇంజనీరింగు కౌన్సెలింగుకు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి, వేర్వేరు బడుల్లో చదివినవాళ్లు వాటి కోసం ఊరూరా తిరుగుతుంటే మాకు అన్నీ ఒకే ఆఫీసులో, ఒకే పూటలో దొరికాయి. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు మాత్రం పరీక్షలు అయిపోగానే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

చిన్నవాడి తరఫున ఇప్పుడు నేను తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. ఇంటర్ ముగించిన ప్రతి విద్యార్థి ఫోను నంబరు, చేరిన కళాశాల, కోర్సు, ఏటా చదువు కొనసాగుతోందా లేదా అన్న వివరాలతో ఒక రిజిస్టరు పెట్టాలని, కౌన్సెలింగు రోజుల్లో కంప్యూటర్ గదిని ఆప్షన్లు పెట్టుకునే పిల్లల కోసం తెరిచి ఉంచాలని మేము రాసిచ్చాం. ప్రిన్సిపాల్ రెండింటికీ ఒప్పుకున్నారు. రిజిస్టరు మా అమ్మాయి బ్యాచ్‌తో మొదలైంది, ఆప్షన్ల సమయంలో వచ్చి సాయపడతామని ఆ బ్యాచ్ పిల్లలే ముందుకొచ్చారు. మిగతా మండలాల్లోని మోడల్ స్కూళ్ల తల్లిదండ్రులు కూడా వచ్చే కమిటీ సమావేశంలో ఈ రెండూ అడగవలసిందిగా కోరుతున్నాను. మేము రాసిచ్చిన కాగితం నకలు కావాలన్నవారికి పంపిస్తాను.