అల్గార్వ్‌లో శీతాకాలపు గోల్ఫ్: ఇద్దరికీ కుదిరే మకాం ఏది?

పోర్చుగల్ దక్షిణ తీరాన ఉన్న అల్గార్వ్‌లో డిసెంబరు మూడో వారం పగలు సుమారు తొమ్మిదిన్నర గంటలే. ఉదయం 7.40 దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఐదుంబావుకల్లా అస్తమిస్తాడు. జనవరి చివరికి ఇంకాస్త నయం. గోల్ఫ్‌లో ఒక పూర్తి ఆట, అంటే 18 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతలు) ఆడడానికి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. వెళ్లిరావడానికీ, బట్టలు మార్చుకోవడానికీ పోయే సమయం తీసేస్తే ఊళ్లు చూడడానికి మిగిలే వెలుగు చాలా కొద్ది. వారం కూడా నిండని సెలవులో ఆ కొద్ది వెలుగునూ రోడ్ల మీద పోగొట్టుకోకూడదన్నది నా పట్టుదల.

నేను గోల్ఫ్ ఆడతాను, మా వారు ఆడరు. పాత చర్చిలు, కోటలు, రైలు ప్రయాణాలు ఆయనకు ప్రాణం. అందుకని మకాం ఎంచుకునేటప్పుడు రెండే ప్రశ్నలు వేసుకుంటాను. కారు నేను తీసుకుపోయాక ఆయన పూట ఎలా గడుస్తుంది? చీకటి పడ్డాక ఇద్దరం కాలినడకన ఎక్కడికి వెళ్లగలం? వేర్వేరు శీతాకాలాల్లో విలమౌరా, లాగోస్, తవీరా మూడు ఊళ్లలోనూ ఉన్నాం కాబట్టి, ఈ రెండు ప్రశ్నలకూ ఏ ఊరు ఏం జవాబిచ్చిందో చెబుతాను.

గోల్ఫ్ ఒక్కటే లెక్క అయితే విలమౌరాకు సాటి లేదు. ఫారో విమానాశ్రయం నుంచి అరగంట ప్రయాణం. 1969లో ఫ్రాంక్ పెనింక్ తీర్చిదిద్దిన ఓల్డ్ కోర్సు (కోర్సు అంటే గోల్ఫ్ మైదానం), ఆర్నాల్డ్ పామర్ రూపకల్పనతో 2004లో మొదలైన విక్టోరియా (2025లో ఎల్స్ క్లబ్‌గా మారింది), ఇంకా పిన్యాల్, లగూనా, మిలేనియం అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. విక్టోరియాలో 2007 నుంచి ఏళ్ల తరబడి పోర్చుగల్ మాస్టర్స్ పోటీలు జరిగాయి. టీవీలో చూసిన ఆ నీటిమడుగుల పక్కన నిలబడి బంతి కొట్టడం గోల్ఫ్ ఆడేవారికి పెద్ద సంబరంగా ఉండేది. అయినా నా ఓటు ఓల్డ్ కోర్సుకే. గొడుగుల్లాంటి పైన్ చెట్ల మధ్య ఇరుకైన ఫెయిర్‌వేలు (బంతి సాగాల్సిన గడ్డి దారులు). ఎంత బలంగా కొట్టామన్నది అక్కడ పనికిరాదు, ఎటు కొట్టామన్నదే పనికొస్తుంది. కాస్త తూర్పుగా వెళ్తే కింటా ద లాగో, సాన్ లొరెన్సో ఉన్నాయి. సాన్ లొరెన్సోలో ఆరు, ఏడు హోల్స్ రియా ఫొర్మోజా చిత్తడినేలల అంచునే సాగుతాయి. పాటు నీరు తగ్గిన వేళ ఒడ్డున పక్షులు బారులు తీరి ఉంటాయి. వాటిని చూస్తూ నా వంతు వచ్చిన సంగతే మరిచిపోయాను, వెనకవాళ్లు పిలిచి గుర్తు చేయాల్సి వచ్చింది.

మా వారికి మాత్రం విలమౌరాలో పూట గడవలేదు. అది సెలవుల కోసం కొత్తగా కట్టిన ఊరు, దాని నడిబొడ్డు పడవల రేవు. ఆ రేవు చుట్టూ ఒకసారి తిరిగితే చూడాల్సింది అయిపోయింది. చలికాలంలో సగం హోటళ్లు మూతపడి, కుర్చీలు బోర్లించి కనిపించాయి. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. దగ్గర్లో ఉన్నది లూలే స్టేషన్, అది లూలే ఊరికే కొన్ని కిలోమీటర్ల దూరం. "నువ్వు ఆడుకుని రా, నేను గదిలో చదువుకుంటాను" అని ఆయన అంటే నాకు మనసొప్పలేదు. ఒక పూట ఆల్మన్సిల్ దగ్గరి సావ్ లొరెన్సో చర్చికి టాక్సీలో వెళ్లారు. గోడలూ పైకప్పూ అంతా నీలిరంగు పలకల బొమ్మలే, 18వ శతాబ్దపు పని. అది చూశాక ఆయన ముఖం వెలిగింది గానీ, ప్రతి పూటా టాక్సీ పిలవడం జరిగే పని కాదు కదా. ఇద్దరూ ఆడేవాళ్లయితే, సెలవంతా ఆటకే అనుకుంటే విలమౌరాకే వెళ్లండి. ఒకరే ఆడేవాళ్లయితే వద్దని గట్టిగా చెబుతాను.

లాగోస్ సంగతి వేరు. పడమటి వైపున్న ఈ ఊళ్లో ఇద్దరికీ పని ఉంది. ప్రాకారం లోపల పాత వీధులు, లోపలంతా బంగారు పూత చెక్కడాలతో మెరిసే సంతు ఆంటోనియో చర్చి, 1444లో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషులను అమ్మిన ఈ ఊరి చరిత్రను చెప్పే బానిసల సంత మ్యూజియం, ఊరి చివర పొంతా ద పియెదాద్ దగ్గర సముద్రం తొలిచిన పసుపుపచ్చని రాతి కమానులు. ఇవన్నీ నడిచి చూసేవే. రైల్వే స్టేషన్ కూడా రేవు దాటగానే ఉంటుంది. ఆట విషయానికొస్తే పామారెస్‌లో 27 హోల్స్ ఉన్నాయి, రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్ రూపకల్పన. కొన్ని హోల్స్ కొండ మీద, కొన్ని ఇసుక దిబ్బల దాకా దిగి ఉంటాయి. పోర్తిమావ్ వైపు వెళ్తే పెనీనా. మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ పోటీ గెలిచిన హెన్రీ కాటన్ ఒకప్పటి వరిమళ్ల చిత్తడిని వేలకొద్దీ చెట్లతో ఎండగట్టి 1966లో తయారుచేసిన కోర్సు అది, అల్గార్వ్‌లో మొట్టమొదటి 18 హోల్స్. పసీఫికో అనే గాడిద ఆయన బ్యాగు మోసేదట. చదునైన కోర్సు కాబట్టి బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) లేకుండా నడిచే ఆడాను.

లాగోస్‌లో ఇబ్బంది పెట్టింది గాలి. అట్లాంటిక్ నుంచి వచ్చే వాన ముందుగా తాకేది పడమటినే. వాన కురిసిన మర్నాడు కోర్సుల్లో బగ్గీలను దారి దిగనివ్వరు. దారి మీద బగ్గీ ఆపి, బంతి దాకా నడిచి, ఏ క్లబ్బు (బంతి కొట్టే కర్ర) పనికొస్తుందో తేలక మళ్లీ వెనక్కి వచ్చి... అలా ఆట ఐదు గంటలు దాటింది. చివరి మూడు హోల్స్ మసక వెలుతురులోనే ముగించాం. ఆ ఒక్క పూట వాన పోగా, మిగతా రోజుల్లో సాగ్రెస్, దాని ఆవల సావ్ విసెంత్ అగ్రం చూడడానికి వెళ్లాం. ఐరోపా ప్రధాన భూభాగానికి నైరుతి కొస అది. లాగోస్ నుంచి ముప్పావుగంట చాలు. సాయంత్రం నాలుగుకు బయల్దేరినా సూర్యాస్తమయం దొరుకుతుంది. అంత ఎత్తు కొండచరియ మీద గాలి మనిషిని వెనక్కి నెడుతుంది. ఉన్ని టోపీ, గాలి చొరబడని కోటు తప్పనిసరి.

ఇక గదుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చలికాలపు అల్గార్వ్‌లో సెలవు బాగుండడం, పాడవడం చాలావరకు గది మీదే ఆధారపడుతుంది. మధ్యాహ్నం 16, 17 డిగ్రీల ఎండ హాయిగా ఉంటుంది. రాత్రి ఏడెనిమిదికి దిగుతుంది. ఆ అంకెలు చూసి ఇదేం చలి అనుకుంటాం. కానీ ఇక్కడి ఇళ్లు వేసవి తాపాన్ని తప్పించుకోవడానికి కట్టినవి. పలకల నేల, మందపాటి తెల్లగోడలు, చాలాచోట్ల గదులు వేడిచేసే ఏర్పాటే ఉండదు. విలమౌరాలో మేం తీసుకున్న అపార్ట్‌మెంట్ ఉత్తరం ముఖం. ఫొటోల్లో ఎంతో అందంగా ఉంది. దిగిన రోజు రాత్రి స్నానాల గది నేల మీద కాలు పెడితే మంచుగడ్డ తొక్కినట్టు అనిపించింది. తడిసిన గోల్ఫ్ బూట్లలో పాత పత్రికలు కుక్కి పెట్టినా మర్నాటికి ఆరలేదు. తువ్వాళ్లదీ అదే గతి. పైగా వేడిచేసే యంత్రానికి వాడిన కరెంటుకు విడిగా డబ్బు కట్టమన్నారు. ఆ మాట బుకింగ్ కాగితంలో చివర చిన్న అక్షరాల్లో ఉంది.

అప్పటి నుంచి బుక్ చేసే ముందు ఫోను చేసి అడుగుతున్నాను. గది దక్షిణం వైపుందా? ఏసీ చల్లగాలితోపాటు వేడిగాలి కూడా ఇస్తుందా? కరెంటు అద్దెలో కలిసే ఉందా? ఈత కొలను నీటిని వేడిచేస్తారా? హోటల్లో భోజనశాల జనవరిలో తెరిచే ఉంటుందా? దక్షిణం అని నొక్కి అడగడానికి కారణముంది. చలికాలపు సూర్యుడు కిందుగా, దక్షిణాన్నే ప్రయాణిస్తాడు కాబట్టి ఆ వైపు బాల్కనీలోకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. తవీరాలో మేం ఉన్న చిన్న హోటల్లో పైఅంతస్తు గది అలాంటిదే. ఆట ముగించి వచ్చి బూట్లు బాల్కనీలో పెడితే సాయంత్రానికి ఆరిపోయేవి. మధ్యాహ్నం తలుపు తీసి ఉంచితే గది దానంతటదే వెచ్చబడి, రాత్రి ఏసీ అవసరం సగానికి తగ్గేది. ఈ ఒక్క సుఖం కోసం సముద్రం కనిపించే గదిని సంతోషంగా వదులుకుంటాను.

తవీరా తూర్పు వైపు ఊరు. ఫారో నుంచి 40 కిలోమీటర్లు. జిలావ్ నది ఊరిని రెండుగా చీల్చుతుంది. దాని మీది పాత వంతెనను రోమన్ వంతెన అంటారు గానీ ఇప్పుడున్న కట్టడం రోమన్ల తర్వాతి కాలానిది, నడిచేవారికే వదిలేశారు. కోట గోడ ఎక్కితే నాలుగు వాలుల పెంకుటిళ్ల కప్పులు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. చర్చిలు లెక్కలేనన్ని. ఇది చేపలు, ఉప్పు నమ్ముకుని బతికిన నిజమైన ఊరు. అందుకే చలికాలంలోనూ దుకాణాలు, కాఫీ హోటళ్లు స్థానికులతో నడుస్తూనే ఉంటాయి. ఏడింటికి చీకట్లో బయటికి వెళ్లినా నది ఒడ్డున మనుషుల సందడి ఉండేది, అదే మాకు కావలసింది. శాకాహారులకు మాత్రం ఒక మాట: కూరల సూప్ అని చెప్పినా అందులో మాంసం ముక్కలు ఉండవచ్చు, అడిగి తీసుకోవాలి.

నేను ఆడడానికి వెళ్లినప్పుడు మా వారు ఒక రోజు రైలెక్కి విలా రెయాల్ ద సాంతు ఆంటోనియో వెళ్లారు. 1770ల్లో అప్పటి పోర్చుగల్ మంత్రి పొంబాల్ మార్కీస్ ఆజ్ఞతో గీతలు గీసినట్టు కట్టిన ఊరది. అక్కడి నుంచి గ్వాదియానా నది మీద పడవలో స్పెయిన్‌లోని అయమోంతెకు దాటి, తిరిగి సాయంత్రానికి వచ్చారు. ఇంకో రోజు ఉప్పుమడుల గట్ల మీద నడిచి ఫ్లెమింగోలను చూసి వచ్చారు. ఉప్పు తీసేది వేసవిలో కాబట్టి జనవరిలో ఆ మడులు నీళ్లతో నిండి పక్షులకే వదిలేసినట్టు ఉంటాయి. ఇద్దరం కలిసి సాంత లూసియా దగ్గరి బరీల్ బీచికి నడిచాం. ట్యూనా వేట ఆగిపోయాక జాలర్లు వదిలేసిన వందలాది లంగర్లు ఇసుకలో వరుసలుగా పాతి ఉన్నాయి. తుప్పు పట్టి, ఒక్కొక్కటి మనిషి మోయలేనంత బరువు. ఆ దృశ్యాన్ని అంత తేలిగ్గా దాటి రాలేకపోయాం.

తవీరా చుట్టూ కోర్సులు విలమౌరా అన్ని లేవు, కానీ కొద్దిరోజుల సెలవుకు చాలినన్ని ఉన్నాయి. బెనమోర్ హెన్రీ కాటన్ గీసిందే. చిన్నది, సరదాగా ఆడుకోదగ్గది. కింటా ద రియా కోర్సు చిత్తడినేలల దాకా దిగుతుంది, మధ్యలో ఆలివ్, కరోబ్ చెట్లు. మొంతె రెయి జాక్ నిక్లస్ సృష్టి. ఖరీదైనదే, కానీ ప్రతి హోల్ మిగతావాటికి కనిపించకుండా తనదైన లోయలో ఉన్నట్టు మలిచారు. ఒక్కసారైనా ఆడి తీరాలని నా అభిప్రాయం. కాస్త్రు మరీమ్ కోర్సుకు వెళ్తే ఒక జాగ్రత్త. సరిహద్దు పక్కనే కావడంతో ఫోను స్పెయిన్ టవర్‌ను పట్టుకుని, గడియారాన్ని తనంతట తానే గంట ముందుకు జరిపేసింది. టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి కేటాయించిన వేళ) దాటిపోయిందనుకుని పరుగున వెళ్తే, అక్కడి అమ్మాయి గోడ గడియారం చూపించి నవ్వింది. ఆ ప్రాంతంలో ఫోను సమయాన్ని పోర్చుగల్‌కు స్థిరపరచి ఉంచుకోవాలి.

టీ టైమ్ పదింటికీ పదకొండింటికీ మధ్య తీసుకోవడం మేలు. ఎనిమిదింటికి గడ్డి మీద మంచు తడి ఎక్కువ, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే 18 పూర్తికావు. సాయంత్రపు తగ్గింపు ధరకు ఆశపడితే తొమ్మిది హోల్స్ ఆడుకోవచ్చు. చాలా కోర్సుల్లో హ్యాండిక్యాప్ పత్రం (ఆటగాడి స్థాయిని చూపేది) అడుగుతారు. క్లబ్బులు విమానంలో మోయకుండా అద్దెకు తీసుకున్నాను. బూట్లు, చేతి తొడుగు మాత్రం సొంతవి ఉండాలి.

అల్గార్వ్ పొడవునా సాగే ఏ22 రహదారిపై 2011 నుంచి వసూలు చేసిన టోలు 2025 జనవరి 1న రద్దయింది. తూర్పున ఉన్నవారికి పడమటికి వెళ్లడం దీంతో చవకయింది గానీ దూరం మాత్రం తగ్గలేదు. తవీరా నుంచి లాగోస్‌కు కారులో గంటంబావు. పామారెస్ ఆడి, సావ్ విసెంత్ సూర్యాస్తమయం చూసి అదే రోజు వెనక్కి రావాలంటే అలసట మిగులుతుంది. అందుకని ఆ రెండింటి కోసం ఒక రాత్రి లాగోస్‌లోనే పడుకున్నాం. పెద్ద పెట్టెలు తమ దగ్గరే ఉంచుకోమని తవీరా హోటల్ వాళ్లను అడిగితే వెంటనే ఒప్పుకున్నారు, పైసా తీసుకోలేదు. చిన్న సంచీ, గోల్ఫ్ బ్యాగు మాత్రమే కారులో వేసుకుని వెళ్లొచ్చాం.