పేరు తెలియని కలుపు: పీకడమా, కప్పడమా, మందు కొట్టడమా?

జూన్‌లో నాలుగు వానలు పడితే చాలు, విశాఖ పెరళ్లలో మనం నాటనివన్నీ లేస్తాయి. అదేమిటో తెలియకముందే మందు సీసా కొనేవాళ్లు చాలామంది. దయచేసి ఆగండి. ముందు ఒక్క మొక్కను వేరుతో సహా తవ్వి చూడండి.

గడ్డిలా ఉంటే కాడను వేళ్ల మధ్య తిప్పండి. మూడు పలకలు తగిలితే తుంగ. కాడ గుండ్రంగా ఉండి, కణుపు కణుపుకీ వేళ్లూనుతూ నేల మీద పాకితే చాలావరకు గరికే. క్యారెట్ ఆకులా చీలికలు, చిన్న తెల్లపూలు ఉంటే వయ్యారిభామ. నేలకు పరుచుకున్న చిన్నాకుల మొక్కయితే కాడ తుంచండి. పాలు కారితే నానబాలు జాతి, కూరకు పనికిరాదు. పాలు లేకుండా ఆకు దళసరిగా ఉంటే గంగవాయిలి కావచ్చు. కానీ వండే ముందు రైతుబజార్‌లో ఆకుకూరలమ్మే అమ్మకు ఒకసారి చూపించండి.

వయ్యారిభామకు పీకడమే మేలు, అదీ పూత రాకముందే. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. తగిలితే దురదలు, పుప్పొడికి ఆయాసం వస్తాయి కాబట్టి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

అసలు చిక్కు తుంగతోనే. పట్టి లాగితే ఆకు చేతికొస్తుంది, దుంప లోపలే ఉండిపోతుంది. తడి నేలలో గునపంతో లోతుగా పెకలిస్తే సన్నటి తీగలాంటి వేరుకు వరసగా నల్లటి దుంపలు కనిపిస్తాయి. ఒకటి విరిస్తే లోపల తెల్లగా ఉండి ఘాటైన సువాసన వేస్తుంది. ప్రతి దుంపా మళ్లీ మొలవగలదు. నల్ల షీటు కప్పినా సూదిలాంటి మొలక దాన్ని పొడుచుకుని పైకొస్తుంది. ఖాళీ మడి ఉంటే ఏప్రిల్, మే ఎండల్లో నేల తడిపి, పారదర్శక షీటు పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొర దుంపలు చాలావరకు చస్తాయి. లోతువి మిగులుతాయి, వాటికి మళ్లీ గునపమే.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు దుంప దాకా దిగుతుంది, నిజమే. కానీ దానికి కలుపూ కరివేపాకూ ఒకటే. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే తుంపర పక్కింటి మల్లె మీదా పడుతుంది. 2022 అక్టోబరులో కేంద్రం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు ఆడుకునే పెరట్లో నేనైతే అసలు వద్దంటాను. ఉప్పునీళ్లు పోయడం ఇంకా అధ్వానం, ఆ చోట తర్వాత వంగ మొక్క కూడా బతకదు.

కాబట్టి తుంగకు నా ఓటు గునపానికే, రెండు మూడు వారాలకోసారి విడవకుండా. తవ్విన దుంపలు ఎరువు గుంటలో వేయకండి. మేడ మీద గచ్చుపై గలగలలాడేలా ఎండబెట్టి పారేయండి. పూర్తిగా ఎండకముందే తడి తగిలితే అక్కడే మళ్లీ మొలకేస్తాయి.