మార్టీ: టీవీ నాటకమా, సినిమానా?

డెల్బర్ట్ మాన్ ఈ కథను రెండుసార్లు తీశాడు. పాడీ చయెఫ్‌స్కీ రాసిన కథ అది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాంసం కొట్లో పనిచేస్తూ, వయసు మీద పడుతున్నా పెళ్లికాని మార్టీ అనే ఓ మనిషిది. మొదటిది 1953లో ఎన్‌బీసీ టీవీలో లైవ్‌గా ప్రసారమైన నాటకం. రెండోది 1955 నాటి సినిమా.

టీవీ నాటకం లైవ్ కాబట్టి రీటేక్ అన్న మాటే లేదు. ఆ టెన్షనంతా అందులో మార్టీగా వేసిన రాడ్ స్టైగర్‌కి కలిసొచ్చింది. అమ్మాయిల కోసం డ్యాన్స్ హాలుకి వెళ్లమని తల్లి పోరు పెడితే, తాను లావుగా, అందవిహీనంగా ఉన్నానంటూ అతను ఏడ్చేస్తాడు. ఆ ఏడుపు చూడలేం. ఇరుకు సెట్లు, మసక బొమ్మ, అయినా కళ్లు తిప్పుకోలేం.

సినిమాలో ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్ మెత్తటి మనిషి, ఇట్టే నచ్చేస్తాడు. ఓ అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు కెమెరా మెల్లగా అతని ముఖం దగ్గరికి జరుగుతుంది. కాదంటోందని అర్థమై కళ్లు మూసుకుంటాడు. బ్రాంక్స్ వీధులు కూడా నిజమైనవే. మాన్ తీసిన తొలి సినిమాయే ఇది, దీనికే అతనికి దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది. ఉత్తమ చిత్రం కూడా ఇదే.

తల్లిగా రెండింటిలోనూ ఎస్తర్ మిన్చోట్టియే.

హాయిగా చూడాలంటే సినిమా పెట్టుకోండి. నన్నడిగితే మాత్రం స్టైగర్‌కే నా ఓటు.